కార్డు మీద జెండా పాట, లింకులో అసలు ధర: ఏనుమాముల గొడవ వెనక పదేళ్ల కథ

మిర్చి సీజన్‌తో పాటే, ఫేస్‌బుక్ పేజీల వాళ్లు తమ సైటు లింకుతో పెట్టే ధరల కార్డుల గొడవ కూడా వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మళ్లీ వచ్చింది. ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలతో ఒక పెద్ద అంకె, పక్కన పైకి చూపే బాణం, కింద ‘పూర్తి వివరాలకు లింక్ నొక్కండి’ అని ఒక లైను. వాట్సాప్ గ్రూపులో అది చూసి నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి బస్తాలు వేసుకొచ్చిన రైతుకు కాంటా దగ్గర పడే ధర వేరు. తిట్లు మాత్రం ఎక్కువగా కార్డు తయారుచేసిన డిజైనర్‌కే పడుతున్నాయి.

జెండా పాట అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అది మేలు రకం సరుకుకు పలికే ధర, కార్డు మీది పెద్ద అంకె అదే. తేమ ఉన్నా, తాలు కలిసినా, రంగు తగ్గినా ఖరీదుదారు కోత పెడతాడు. ఆ కోత మీద కోపం ఫేస్‌బుక్ కంటే పాతది. కొత్తగా జరిగిందల్లా, ‘నాణ్యతను బట్టి’ అన్న మాట బొమ్మలో కంటికి ఆనకుండా పోవడం. ఇది ఒక్క సీజన్‌లో జరగలేదు.

2014 ఆగస్టులో ఫేస్‌బుక్ రెండు మార్పులు ప్రకటించింది. అసలు సంగతి దాచి ఊరించే శీర్షికలను కిందికి నెడతామంది. లింకు నొక్కినవాళ్లు వెంటనే వెనక్కి వచ్చేస్తే, ఆ శీర్షిక మోసం చేసినట్టు లెక్క. రెండోది, ఫొటో పెట్టి దాని పక్కన లింకు రాసే పోస్టుల కంటే, బొమ్మతో సహా తెరుచుకునే లింకు పోస్టులకే ముందు చోటు. ఏ బొమ్మ కనిపించాలో సైటు వాళ్లే చెప్పుకునే వీలు ఓపెన్ గ్రాఫ్ పేరుతో 2010 నుంచే ఉంది. నా దృష్టిలో అసలు మలుపు 2014లోనే ఉంది. శీర్షిక మీద నిఘా పెరిగింది, బొమ్మకు విలువ పెరిగింది. దాంతో ఊరించే పని శీర్షిక నుంచి బొమ్మలోకి మారింది. శీర్షికలో ‘మార్కెట్‌లో నేటి మిర్చి ధరలు’ అని బుద్ధిగా ఉంటుంది. కేక వేసేది బొమ్మే.

2017లో పేజీల వాళ్లు ఇతరుల లింకుల బొమ్మను, శీర్షికను ఇష్టమొచ్చినట్టు మార్చుకునే వీలును ఫేస్‌బుక్ తీసేసింది. అదే ఏడాది ఆగస్టులో, ఉత్త ఫొటో మీద వీడియో ప్లే గుర్తు అతికించే పోస్టులను కిందికి నెడతామంది. ఒక్కో నియమం ఒక్కో ఎత్తును పట్టుకుంది. బొమ్మలో అంకె ఎంత పెద్దగా, షరతు ఎంత చిన్నగా ఉందన్నది మాత్రం వాటిలో దేనికీ చిక్కలేదు.

బొమ్మలో తెలుగు రాయడం మొదట్లో ఎవరినో మోసం చేయడానికి వచ్చింది కాదు. పాత ఫోన్లలో మన అక్షరాలు డబ్బాలుగా కనిపించేవి. ఫ్లెక్సీ షాపుల్లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో, ఫోటోషాప్‌తో చెయ్యి తిరిగినవాళ్లు బొమ్మలో రాస్తే ఒత్తులు విరగకుండా అందరికీ ఒకేలా కనిపించేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ బొమ్మలు ఊరూరికీ చేరాయి.

ఆ డిజైనర్లు చెప్పేది వినాలి. అంకె పేజీ యజమాని నుంచి వాట్సాప్‌లో వస్తుంది, ‘ఇది పెద్దగా పెట్టు’ అన్న ఆర్డర్‌తో సహా. 1200×630 పిక్సెళ్ల కార్డు ఫోన్‌లో మూడు వేళ్ల ఎత్తు కూడా ఉండదు. అందులో తేజ, వండర్ హాట్, దేశీ అన్నీ రాసి, ఒక్కోదానికి కనిష్ఠ, గరిష్ఠ ధరలు పెడితే ఏదీ కళ్లకు కొట్టదు. పైగా అన్నీ బొమ్మలోనే తెలిసిపోతే లింకు ఎవరు నొక్కుతారు? సైటుకు యాడ్ డబ్బులు పేజీ తెరిస్తేనే వస్తాయి. కార్డుకు ఇంత అని తీసుకునే డిజైనర్‌కు ఆ డబ్బుల్లో వాటా లేదు. రేపు ఇంకో కార్డు రావాలంటే చెప్పింది చేయాలి. తేదీ తీసేయమని కూడా చెబుతారు, కార్డు ఎక్కువ రోజులు తిరగాలని. ఎవరో దాన్ని సేవ్ చేసి లింకు లేకుండా ఫార్వర్డ్ చేస్తే, పోయిన వారం ధర ఇవాళ్టి ధరై కూర్చుంటుంది. నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ తేదీ లేకపోవడమే. దాన్ని నమ్మి బండి మాట్లాడుకున్నాక కిరాయి తిరిగి రాదు.

తాము వేసిన అంకె యార్డులో పలికిందేనని పేజీల యజమానులు అంటున్నారు. అది నిజమే. చిక్కూ అక్కడే ఉంది. టైటిల్, థంబ్‌నెయిల్ చెప్పింది లోపల లేకపోతే వీడియోలు తీసేస్తామని యూట్యూబ్ 2024 డిసెంబరులో భారత్ కోసం ప్రకటించింది. జెండా పాట అంకె లోపలా ఉంటుంది కాబట్టి అలాంటి నియమం కార్డులకు పెట్టినా దీనికి తగలదు.

2016 ఏప్రిల్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్‌లో, అంతకంటే పాతదైన ప్రభుత్వ ధరల సైటు అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర కూడా ఇస్తారు. సరుకు ఎక్కువగా అమ్ముడుపోయిన ధర అది. రైతులు ఇప్పుడు అడుగుతున్నది పెద్ద అక్షరాల్లో ఆ మోడల్ ధర, పక్కనే తేదీ. రెండూ పట్టే కార్డు చేయడం కష్టమేమీ కాదని డిజైనర్లే చెబుతున్నారు. ఆర్డర్ ఇవ్వాల్సింది యజమానులు.