ప్లగ్గు పట్టినంత మాత్రాన పాట రాదు: పాత మిడి మాడ్యూళ్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మిడి కేబుల్ వేస్తే చాలు, స్పీకర్లలో మ్యూజిక్ వచ్చేస్తుంది.
వాస్తవం: మిడి అంటే కంప్యూటర్లూ వాయిద్యాలూ మాట్లాడుకునే భాష, దాని తీగలో శబ్దమే ఉండదు. ఏ స్వరం, ఎంత గట్టిగా అనే ఆజ్ఞలు మాత్రమే సెకనుకు 31,250 బిట్ల వేగంతో వెళ్తాయి. శబ్దం కావాలంటే మాడ్యూల్ (ఆ ఆజ్ఞలను శబ్దంగా మార్చే పెట్టె) వెనక ఆడియో జాక్ నుంచి ఇంకో వైరు లాగాల్సిందే.

అపోహ: ఐదు పిన్నులుంటే ఏ కేబులైనా ఒకటే.
వాస్తవం: మిడికి పనికొచ్చేవి 4, 5 పిన్నులు, 2వది షీల్డు. పాత టేప్ రికార్డర్ల కేబుళ్లూ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, కానీ కొన్నింటిలో లోపలి తీగలు అటూ ఇటూ మారి ఉంటాయి. ఒకసారి ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌నీ మిడినీ కలిపే పరికరం) పోయిందనుకుని రెండు సాయంత్రాలు తల పట్టుకున్నాను. తప్పు కేబుల్‌ది. ఇప్పుడు ముందు మల్టీమీటర్, తర్వాతే స్క్రూడ్రైవర్.

అపోహ: కంప్యూటర్‌కి ఏదో ఒక పోర్టు ఉంది కదా, నేరుగా కలిపేయొచ్చు.
వాస్తవం: 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌కి మిడి సాకెట్లు పుట్టుకతోనే ఉన్నాయి, అదృష్టవంతురాలు. అమిగా కంప్యూటర్ సీరియల్ పోర్టు 31,250 వేగాన్ని అందుకుంటుంది గానీ మధ్యలో చిన్న ఇంటర్‌ఫేస్ తప్పదు. పీసీ సౌండ్ కార్డు జాయ్‌స్టిక్ పోర్టులో 12, 15 పిన్నులు మిడివే. అయినా ఇన్‌పుట్ వైపు ఆప్టో-ఐసోలేటర్ (రెండు వైపుల కరెంటు కలవకుండా కాంతితో సంకేతాన్ని దాటించే భాగం) ఉన్న కేబులే వాడాలి.

అపోహ: ఎంటీ-32 (రోలాండ్ కంపెనీ మాడ్యూల్) తెరపై 'బఫర్ ఓవర్‌ఫ్లో' వచ్చిందంటే మాడ్యూల్ పాడైనట్టే.
వాస్తవం: దాదాపు ఎప్పుడూ కాదు. 1987 నాటి తొలి ఎంటీ-32లు నిదానస్తులు. గేమ్ తన సొంత శబ్దాలను సిస్‌ఎక్స్ సందేశాలుగా (ఒక్కో మాడ్యూల్‌కే ప్రత్యేకమైన మిడి ఆజ్ఞలుగా) పంపేటప్పుడు, వేగం ఎక్కువున్న పీసీ ఊపిరి తీసుకోనివ్వకుండా కుమ్మరిస్తుంది. పాపం, అది మింగలేక చేతులెత్తేస్తుంది. టర్బో బటన్ (పాత పీసీ వేగాన్ని మార్చే మీట) ఆపి, మాడ్యూల్‌ని ఆఫ్ చేసి ఆన్ చేసి, గేమ్ మళ్లీ పెట్టండి.

అపోహ: ఎస్‌సీ-55 (రోలాండ్‌దే తర్వాతి మాడ్యూల్) ఉంటే ఎంటీ-32 ఎందుకు?
వాస్తవం: ఎస్‌సీ-55లో ఎంటీ-32 వరుసలో వాయిద్యాలు పెట్టే ఏర్పాటు ఉంది. కానీ గేమ్ పంపే సొంత శబ్దాలను అది తీసుకోదు. ఉరుము ఉరమాల్సిన చోట ఏదో వాయిద్యం పలుకుతుంది.

అపోహ: సౌండ్ కార్డు మీద ఎంపీయూ-401 (రోలాండ్ మిడి ఇంటర్‌ఫేస్ పేరు) అని రాసుంటే అన్ని గేములూ ఆడతాయి.
వాస్తవం: చాలా కార్డుల్లో ఉన్నది సాదా యూఆర్ట్ మోడే, అంటే ఆజ్ఞలను వచ్చినవి వచ్చినట్టు పంపేయడమే. 80ల చివరి గేములు చాలావరకు 'ఇంటెలిజెంట్' మోడ్ (ఆజ్ఞల సమయాన్ని కార్డే చూసుకునేది) అడుగుతాయి. 386 ప్రాసెసర్ లేదా అంతకన్నా పై మెషీన్ అయితే సాఫ్ట్‌ఎంపీయూ అనే ప్రోగ్రామ్ ఆ లోటు తీరుస్తుంది. 286 వాళ్లు ఇంటెలిజెంట్ మోడ్ ఉన్న కార్డు వెతుక్కోక తప్పదు.