పిల్లికి లంఖణం

"సార్, మా చింటూ మూడు రోజులుగా ఏమీ ముట్టడం లేదు. మా అత్తయ్యగారేమో లంఖణం పరమౌషధం, కడుపు కాలితే అదే తింటుంది, కంగారు పడకు అంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు."

ఇరవై ఏళ్ళ కిందట ఇంటర్‌లో నా దగ్గర జువాలజీ చదువుకున్న అమ్మాయి ఫోను. ఇల్లు మారి వారమైందట. కొత్త ఇంట్లో పిల్లి మంచం కిందినుంచి బయటికి రావడం లేదు. ఆరేళ్ళ మగపిల్లి, ఆరు కిలోల పైమాటే. నేను ముందుగా అడిగింది ఉచ్చ పోస్తున్నాడా అని. మగపిల్లికి మూత్రం బిగిసిందంటే ప్రాణం గంటల లెక్కలోకి వస్తుంది. పోస్తున్నాడంది. "చిగుళ్ళు, చెవుల లోపలి చర్మం ఏ రంగులో ఉన్నాయో వెలుతుర్లో చూసి చెప్పమ్మా" అన్నాను. కాసేపాగి, "కొంచెం పచ్చగా ఉన్నట్టున్నాయి సార్" అంది. తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే డాక్టరు దగ్గరికి బయల్దేరమన్నాను.

ఫోను పెట్టేశాక వాళ్ళ అత్తగారి మాట చాలాసేపు నన్ను వదల్లేదు. ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. అజీర్ణం చేసిన మనిషికి ఒకపూట లంఖణం మంచిదే. కుక్కకు కూడా వాంతులవుతుంటే ఒకపూట కడుపు ఖాళీగా ఉంచమని డాక్టర్లు చెబుతుంటారు. మన పెద్దవాళ్ళు తమ ఒంటిమీద చూసుకుని చెప్పిన మాట అది. పిల్లి దగ్గరికొచ్చేసరికి అదే మాట తిరగబడుతుంది. అందులోనూ బొద్దుగా, ముద్దుగా పెరిగిన పిల్లి దగ్గర మరీ.

స్కాట్లాండ్‌లో ఆంగస్ బార్బియరీ అనే యువకుడు ఉండేవాడు. బరువు 207 కిలోలు. 1965 జూన్‌లో డండీ నగరంలోని ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో ఉపవాసం మొదలుపెట్టి 382 రోజులు అన్నం ముట్టలేదు. నీళ్ళు, టీ, కాఫీ, విటమిన్లు, లవణాలు, అంతే. 1966లో ఉపవాసం ముగించేనాటికి 82 కిలోలకు దిగాడు. బతికాడు. ఇది ఎవరూ చేయకూడని పనే. కానీ మనిషి శరీరం తన కొవ్వును తానే తింటూ ఎంతకాలం నెట్టుకురాగలదో అది చూపించింది. అదే లెక్కన ఒంటినిండా కొవ్వున్న పిల్లి కూడా కనీసం నెల రోజులు నిబ్బరంగా ఉండాలి కదా? ఉండదు. వారం తిరక్కుండానే ప్రాణాపాయంలో పడవచ్చు. కొవ్వు లేక కాదు, ఆ కొవ్వు వల్లే.

తిండి ఆగినప్పుడు మనలో ఏం జరుగుతుందో చూడండి. కాలేయంలో గ్లూకోజు నిల్వగా దాచిన గ్లైకోజెన్ దాదాపు ఒక రోజుకే అయిపోతుంది. తర్వాత కండరంలోని ప్రోటీన్‌ను కరిగించి కాలేయం గ్లూకోజు చేస్తుంది. రెండు మూడు రోజులు గడిచేసరికి శరీరం పొదుపులో పడుతుంది. కొవ్వునుంచి కీటోన్లు అనే ఇంధనం తయారై మెదడుకు అందుతుంది, ప్రోటీన్‌ను విరగ్గొట్టే ఎంజైములు తగ్గుతాయి, ప్రోటీన్ విరిగితే మిగిలే యూరియా కూడా మూత్రంలో తగ్గిపోతుంది. పొయ్యి సెగ తగ్గించి కండరాన్ని కాపాడుకుంటామన్నమాట.

పిల్లి పొయ్యికి సెగ తగ్గించే మీట సరిగ్గా లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో క్వింటన్ రోజర్స్, జేమ్స్ మోరిస్ 1970లలో పిల్లి పోషణ మీద చేసిన పరిశోధనల్లో ఇది బయటపడింది. ఎలుకకు ప్రోటీన్ తక్కువగా పెడితే దాని కాలేయంలో అమైనో ఆమ్లాలను విడగొట్టే ఎంజైములు తగ్గిపోతాయి. పిల్లికి ప్రోటీన్ తగ్గించినా, బాగా పెంచినా ఆ ఎంజైములు పెద్దగా మారలేదు. 1977లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లి పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఇందులో ఆశ్చర్యం కనిపించదు. దాని మూలపురుషుడు ఆఫ్రికా అడవిపిల్లి, ఫెలిస్ లిబికా. రోజంతా చిట్టెలుకలు పట్టుకు తినే జంతువు. ఒక్కో చిట్టెలుకలో సుమారు 30 కిలో క్యాలరీలుంటాయి. నాలుగు కిలోల పిల్లికి ఊరికే పడుకుని ఉన్నా 200 దాకా కావాలి. అంటే ఏడెనిమిది ఎలుకలు, ఏడెనిమిది చిన్న భోజనాలు, అన్నీ మాంసమే. ప్రోటీన్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ పొయ్యిని తగ్గించే అవసరం దానికి లక్షల ఏళ్ళలో రాలేదు.

ఇక అసలు సంగతి కొవ్వు. దీన్ని క్లాసులో చెప్పాలంటే నాకు మన ధాన్యం కొనుగోలు కేంద్రమే గుర్తుకొస్తుంది. పంట చేతికొచ్చే రోజుల్లో ఎప్పుడైనా ఆ కేంద్రం దగ్గర నిలబడి చూశారా? ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ధాన్యం రాశులుగా పోస్తారు. దాన్ని అక్కడినుంచి కదిలించడానికి రెండే దారులు. పక్కనే మిల్లు ఉంటే ఆడించడం, లేదంటే గోనెసంచుల్లో నింపి లారీ ఎక్కించడం. సంచులు రాలేదనుకోండి, మిల్లువాడు గేటు పాసు ఇవ్వలేదనుకోండి, ట్రాక్టర్లు మాత్రం ఆగవు. రాశి మీద రాశి పడుతుంది. ఆవరణ నిండి, ధాన్యం తారురోడ్డు మీదికి వస్తుంది, బస్సులు కూడా కదలవు.

పిల్లి కాలేయం ఆ కేంద్రం. తిండి ఆగగానే ఇన్సులిన్ పడిపోతుంది, ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. ఒంట్లోని కొవ్వు గాదెలు తెరుచుకుని, కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి దిగి, ట్రాక్టర్లలా కాలేయానికి బారులు తీరతాయి. పిల్లి ఎంత లావైతే గాదె అంత పెద్దది, ట్రాక్టర్లు అన్ని ఎక్కువ. మిల్లు అంటే కాలేయ కణంలో కొవ్వును కాల్చి శక్తినిచ్చే మైటోకాండ్రియా. పొడుగాటి కొవ్వు ఆమ్లాలు అందులోకి పోవాలంటే కార్నిటీన్ అనే గేటు పాసు ఉండాలి. ఆ కార్నిటీన్ తయారవ్వాలంటే లైసీన్, మెథియోనీన్ అనే అమైనో ఆమ్లాలు కావాలి, అవి వచ్చేది తిండినుంచి. ఇక గోనెసంచులు. కాలేయం మిగులు కొవ్వును ట్రైగ్లిజరైడ్లుగా మార్చి, వీఎల్‌డీఎల్ అనే మూటలు కట్టి రక్తంలోకి పంపుతుంది. ఆ మూటకు చుట్టే బట్ట ప్రోటీన్‌తోనూ, కోలిన్ ఉన్న ఫాస్ఫోలిపిడ్లతోనూ నేసింది. ప్రోటీన్, కోలిన్ రెండూ తిండినుంచే రావాలి. అంటే ధాన్యం కుప్పలుగా రావడానికీ, సంచులు రాకపోవడానికీ కారణం ఒకటే, పిల్లి తినకపోవడం. పైగా ఉన్న కాస్త ప్రోటీన్‌ను ఆ సెగ తగ్గని పొయ్యి గ్లూకోజు కోసం తగలేస్తూనే ఉంటుంది. సంచులు కుట్టాల్సిన బట్టనే పొయ్యిలో పెడుతోందన్నమాట.

దాంతో కణాలు కొవ్వు బొట్లతో ఉబ్బిపోతాయి. జబ్బు ముదిరినప్పుడు కాలేయ కణాల్లో 80 శాతానికి పైగా ఇలా నిండిపోతాయి. ఆ కణాల సందుల్లోనే పైత్యరసం పారే సన్నని కాలువలున్నాయి. ఉబ్బిన కణాలు వాటిని నొక్కేస్తాయి. తారురోడ్డు మీదికి ధాన్యం వచ్చింది, బస్సు ఆగింది. పైత్యంలో పోవాల్సిన బిలిరుబిన్ రక్తంలోకే మళ్ళుతుంది. చిగుళ్ళు, కళ్ళు, చెవుల లోపలి చర్మం పచ్చబడతాయి. డాక్టర్లు దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. ఇలా కాలేయం దెబ్బతిన్న పిల్లికి కడుపులో తిప్పుతుంది, కాబట్టి ఇంకా తినదు. తినకపోతే ఇంకా ట్రాక్టర్లు.

ఇక్కడ నా చిన్ననాటి గండుపిల్లి గురించి చెప్పాలి. అది తినడం మానేసి, కళ్ళు పచ్చబడితే మా నాయనమ్మ దిష్టి తీసింది, నేలఉసిరి పసరు నోట్లో పోసింది, కామెర్లకు పత్యం అని చేప వాసన తగలకుండా దూరం పెట్టింది. ప్రేమగానే చేసింది. దానికి మందు ఆ చేపేనని ఎవరికీ తెలియదు. నాలుగోరోజు పొద్దున అది లేవలేదు. పిల్లి ఎదురొస్తే ఆగి శకునం చూసే మనం దాని చిగుళ్ళ రంగు ఎప్పుడూ చూడం. ఈ విషయంలో నాకిప్పటికీ బాధే. పాఠ్యపుస్తకంలోనూ కాలేయం పనులంటే పది పాయింట్లు రాయించి వదిలేస్తాం. ఒక జంతువు కాలేయానికీ ఇంకో జంతువు కాలేయానికీ ఉన్న తేడా చెబితే ఆ పది పాయింట్లూ ప్రాణం పోసుకుంటాయి.

అదే రోజర్స్, మోరిస్ 1978లో చేసిన మరో ప్రయోగం కూడా దీనికి సంబంధించిందే. రాత్రంతా తిండి లేని పిల్లులకు అర్జినీన్ అనే ఒక్క అమైనో ఆమ్లం లేకుండా ఒకేఒక్క భోజనం పెట్టారు. కొన్ని గంటల్లోనే రక్తంలో అమోనియా పెరిగి వాంతులు, మగత వచ్చాయి. ప్రోటీన్ విరిగినప్పుడు పుట్టే అమోనియాను యూరియాగా మార్చే చక్రం తిరగాలంటే ఆర్నిథీన్ అనే ఇంకో అమైనో ఆమ్లం కావాలి. మన పేగులు దాని ముడిసరుకును తయారు చేసుకుంటాయి. పిల్లి పేగుకు ఆ శక్తి చాలా తక్కువ, అర్జినీన్ తింటేనే దాన్నుంచి ఆర్నిథీన్ పుట్టి చక్రం తిరుగుతుంది. తినని పిల్లి చొంగ కారుస్తూ, దిక్కుతోచనట్టు తిరుగుతుంటే ఆ అమోనియా మెదడుకు తగిలిందని అనుమానించాలి.

మరి పిల్లి అసలు ఎందుకు మానేస్తుంది? కారణాలకు అంతులేదు. ఇల్లు మారడం, కొత్త జంతువు రావడం, పన్నునొప్పి, కిడ్నీ జబ్బు. రెండిటి గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ఒకటి ముక్కు. పిల్లి వాసన చూసి తింటుంది, జలుబుతో ముక్కు మూసుకుపోతే ఎదుట ఉన్నది తిండని దానికి తోచదు. అప్పుడు తిండిని గోరువెచ్చగా చేసి పెడితే వాసన లేస్తుంది. రెండోది దారం. కుట్టుమిషన్ దగ్గరి దారం, సంక్రాంతి మాంజా. పిల్లి నాలుక మీది ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మలేదు, మింగుతుంది. నోట్లోనో వెనకనో దారం కొస కనిపిస్తే లాగకండి, లోపల పేగు కోసుకుపోతుంది.

బెల్లం నీళ్ళు, పంచదార పాలతో ఆశపెట్టేవాళ్ళున్నారు. పిల్లికి తీపి తెలియదు. తీపి గ్రాహకం రెండు ప్రోటీన్ల జత. అందులో ఒకదాని జన్యువులో 247 అక్షరాలు రాలిపోయి ఆ జన్యువు పనికిరాకుండా పోయిందని రుచి, వాసనల మీద పరిశోధించే ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో చూపించారు. ఇంతకంటే ముఖ్యమైన మాట: ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ ఇవ్వకండి, చిన్న ముక్క కూడా. ఆ మందుకు గ్లూకురోనిక్ ఆమ్లం అతికించి బయటికి పంపే ఎంజైము పిల్లిలో చెడిపోయి ఉంది. విషం మిగిలి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి, ఊపిరాడక చనిపోతుంది.

బలవంతంగా నోట్లో కుక్కడం కూడా వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఒకటి. ఇంకొకటి, 1955లో జాన్ గార్సియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకలకు తియ్యటి నీళ్ళు ఇస్తూ రేడియేషన్ తగిలించాడు, తర్వాత అవి ఆ తీపినే అసహ్యించుకున్నాయి. కడుపులో తిప్పుతున్న పిల్లికి ఇష్టమైన చేప కుక్కితే ఆ చేప మీదే ఏవగింపు పుడుతుంది. ముందు వాంతి వికారం తగ్గించే మందు, తర్వాత తిండి. పెద్ద పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోను చేయాలి, రెండో రోజు దాటనివ్వకూడదు. కూనలకైతే ఒకపూట కూడా ఎక్కువే.

చింటూకు డాక్టరు రక్తపరీక్ష, స్కానింగు చేసి, మెడ పక్కన చిన్న గాటు పెట్టి అన్నవాహికలోకి సన్నని గొట్టం వేశాడు. ఆ జబ్బుకు అసలైన మందు తిండే, గొట్టం అందుకే. మాంసాహారం మెత్తగా చేసి సిరంజితో మెల్లగా పంపాలి. మొదటిరోజే పూర్తి మోతాదు ఇవ్వరు. ఎండిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి వస్తే ఇన్సులిన్ లేచి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి దూసుకుపోతాయి. ఫాస్ఫరస్ మరీ పడిపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే మొదట నాలుగో వంతు, తర్వాత సగం, మధ్యమధ్య రక్తపరీక్ష. తిండి లోపలికి పోయేకొద్దీ గాదెలు మూతపడతాయి, సంచులు వస్తాయి, రాశులు కరుగుతాయి. వేళకు దొరికి సరిగ్గా తినిపించిన పిల్లుల్లో ఎక్కువ శాతం కోలుకుంటాయి. కాకపోతే వారాలు పడుతుంది.

నిన్న మళ్ళీ ఫోను చేసింది. ఇరవై మూడో రోజు. పచ్చదనం పోయిందట. సిరంజి వేళలు గోడమీద క్యాలెండర్‌లో రాస్తున్నది అత్తగారేనట. ఆవిడ కొరమీను ఉడికించి వేలితో చింటూ ముక్కుకు రాస్తే నాకాడట, ఆపైన గిన్నెలోంచి రెండు ముక్కలు తిన్నాడట. "ఇక గొట్టం తీయించేయమంటారా సార్?" అని అడిగింది. వద్దన్నాను. తనంతట తాను పూర్తిగా తింటూ, బరువు తగ్గకుండా కొన్ని రోజులు నిలబడ్డాక డాక్టరే తీస్తాడు.