ఐదు రోజులు ఖాళీగా ఉండే ఇంటి గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

వికారాబాద్ దగ్గర తీసుకున్న స్థలంలో శని, ఆదివారాలు గడపడానికి ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నారని, ఈ వేసవిలోనే నక్షా గీయిస్తారని మీ అమ్మ చెప్పింది. నచ్చాయంటూ మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. నిలువెత్తు అద్దాల గోడలు, చదునైన స్లాబు, ముందు పచ్చిక ఉన్న ఆ ఇళ్ళలో చాలామటుకు చల్లని దేశాలవాళ్ళు ఎండను లోపలికి పిలుచుకోవడానికి కట్టుకున్నవి. మన నేలకు కావలసింది నీడ. జీవితమంతా ఇళ్ళు కట్టించిన వాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఫామ్‌హౌస్ కట్టుకునేవాళ్ళు సాధారణంగా తాము అక్కడ ఉండబోయే రెండు రోజుల గురించే ఆలోచిస్తారు. మీరు లేని ఐదు రోజుల గురించి ముందుగా ఆలోచించమని నా మాట. ఆదివారం సాయంత్రం తలుపులూ కిటికీలూ బిగించి వచ్చేస్తే, ఆ ఇల్లు శుక్రవారం దాకా పగటి వేడిని పీల్చుకుంటూనే ఉంటుంది, రాత్రి చల్లగాలి మాత్రం దానికి అందదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు మధ్యాహ్నం తగిలిన వేడి లోపలి ముఖానికి చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది. ఎండాకాలంలో రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడ మీద లోపలివైపు అరచెయ్యి ఆనించి చూడండి, మూడింటి ఎండ అప్పుడు చేతికి తగులుతుంది. మీరు శుక్రవారం ఆఫీసు ముగించుకుని ఊరు చేరేది కూడా సరిగ్గా ఆ వేళకే. అప్పుడు ఏసీ వేసుకోక తప్పదు, ఏసీ వేసుకున్నాక కిటికీలు మూయకా తప్పదు. అలాంటప్పుడు అంత దూరం వెళ్ళి చెట్ల మధ్య ఉండి ప్రయోజనం ఏమిటి?

దక్కను పీఠభూమికి ఒక అదృష్టం ఉంది. మే నెలలో పగలు 40 డిగ్రీల దాకా వెళ్ళినా, తెల్లవారేసరికి 25, 26 డిగ్రీలకు దిగుతుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో రాత్రి కూడా ఉక్కపోత తగ్గదు కాబట్టి అక్కడ ఒకవైపు నుంచి రెండోవైపుకు గాలి ఆడే ఇల్లే సుఖం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో తాటాకు కప్పును దాదాపు నేల దాకా దించి కట్టిన చుట్టిళ్ళు తుపాను గాలికి ఎక్కడా పట్టు దొరకనివ్వని కట్టడాలు. మన వికారాబాద్ వైపు మాత్రం మందపాటి గోడలు బాగా పనిచేస్తాయి, అయితే రాత్రి గాలి వాటిని చల్లార్చినప్పుడే. రాయలసీమలో దూలాల మీద చౌడుమట్టి పరిచిన మిద్దెలకు కప్పులోనే గవాక్షి వదిలేవారు, లోపల చేరిన వేడిగాలి దానిగుండా పైకి పోయేది. మీరు కూడా కప్పుకు ఆనుకుని ఎత్తున కొన్ని, ఉత్తరం వైపు నేలకు దగ్గరగా కొన్ని వెంటిలేటర్లు పెట్టించండి. వాటికి గట్టి ఇనుప చువ్వలు, దోమతెర, పైన వాన జల్లు పడకుండా ఒక బండ ఉంటే చాలు. ఇంటికి తాళం వేసి ఉన్నా రాత్రంతా గాలి తిరుగుతుంది, దొంగ భయమూ ఉండదు, పామూ గబ్బిలమూ దూరవు.

ఇక దిక్కుల సంగతి. హైదరాబాద్ ప్రాంతం 17 డిగ్రీల అక్షాంశం దాటి ఉంది కనుక మే రెండో వారంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత ఆగస్టు మొదటి వారం దాకా కొంచెం ఉత్తరానికి ఒరిగి నడుస్తాడు. డిసెంబరులో దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అందువల్ల దక్షిణపు గోడకు మూడడుగుల చూరు ఉంటే వేసవిలో నీడ, చలికాలంలో కొంత ఎండ వాటంతటవే సమకూరుతాయి. తూర్పు పడమరల ఎండ ఏటవాలుగా వస్తుంది, దాన్ని ఏ చూరూ ఆపలేదు. కాబట్టి ఇంటి పొడవును తూర్పు పడమరలుగా సాగదీసి, పొట్టి గోడలను ఆ దిక్కులకు వదలండి. స్నానాలగది, సామాన్ల గది పడమట పెట్టి, దాని బయట పది పన్నెండు అడుగులు వదిలి కానుగ, వేప నాటండి. రెండూ ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకు తొడుగుతాయి. వాస్తు చూసే పెద్దలతో వీటి గురించి తగాదా రాదు, సింహద్వారం తూర్పుకే పెట్టుకోవచ్చు.

కప్పుకు వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో విస్తృతంగా వాడిన ఫిల్లర్ స్లాబు గురించి మీ ఇంజనీరును అడగండి. స్లాబు కింది భాగంలో కాంక్రీటుకు పెద్దగా పని ఉండదు. అక్కడ కమ్మీల మధ్య పాత బంగళా పెంకులు పేరిస్తే సిమెంటు మిగులుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని కొంత అడ్డుకుంటుంది. పైన తెల్లటి పూత తప్పనిసరి. నేలకు తాండూరు బండలు పక్కనే దొరుకుతుంటే ఎక్కడినుంచో పాలరాయి తెప్పించడం నాకు నచ్చదు. మనుషులు తిరగని ఇంట్లో చెదలు నిశ్చింతగా పెరుగుతాయి కనుక పునాది మట్టం మీద గోడ వెడల్పునా రాతి పలకలు పరిపించి, అవి రెండంగుళాలు బయటికి ఉండేలా చూడండి. చెదల మట్టిదారి ఆ అంచు చుట్టి రావలసి వస్తుంది కాబట్టి కంటపడుతుంది.

నీళ్ళ విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. మూసీ పుట్టింది మీ స్థలానికి దగ్గరలోని అనంతగిరి కొండల్లోనే. ఆ నీరు గండిపేటకు, అంటే 1908 వరదల తరువాత కట్టి 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్‌కు చేరుతుంది. స్థలం మూలన మీరు గోతి అనుకుంటున్నది వానాకాలంలో పారే ఒర్రె కావచ్చు. దాన్ని మొరంతో పూడ్చి ప్రహరీ కట్టారంటే కింది రైతు పొలం మునుగుతుంది, మీ గోడా నిలవదు. మరుగుదొడ్డి ట్యాంకు దానికి వీలైనంత దూరంగా ఉండాలి. ఏటా 800 మిల్లీమీటర్ల వాన పడినా, వంద చదరపు మీటర్ల కప్పు మీద 80 వేల లీటర్ల నీరు దిగుతుంది. అందులో సగం పట్టుకున్నా రెండు రోజుల సంసారానికి ధారాళంగా సరిపోతుంది. పచ్చిక పెంచితే మాత్రం అదంతా దానికే పోతుంది.

శ్రీలంకలో బెంటోటా దగ్గర జెఫ్రీ బావా అనే ఆయన 1948లో ఒక పాత రబ్బరు తోట కొని, లునుగంగ అని పేరు పెట్టి, వాస్తుశిల్పిగా పేరు పొందాక కూడా దశాబ్దాల తరబడి సెలవు రోజుల్లో దాన్ని తీర్చిదిద్దుకున్నాడు. అక్కడి వానలకు తగిన ఆయన ఇంటి వరండాలను ఇక్కడ అచ్చుగుద్దినట్లు కట్టమనను. ఏ చెట్టు ఉంచాలో, ఏ కిటికీ నుంచి చెరువు కనిపించాలో తొందరపడకుండా చూసుకుంటూ పోయిన ఆయన ఓపికను తెచ్చుకోండి. ఒక్క గది, దాని మూడింతలు వరండా, ఒక వంటిల్లు కట్టి రెండు వానాకాలాలు గడపండి. తక్కినది తరువాత చూసుకోవచ్చు.

ఈసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం మూడింటికి చెట్ల నీడలు ఎంతవరకు పడుతున్నాయో, పక్క పొలం రైతును అడిగి వాన నీరు ఏ దారిన పోతుందో కాగితం మీద గుర్తులు పెట్టి నాకు పంపండి. అవి చూశాకే నక్షాకు డబ్బు కట్టండి.

మీ తాతయ్య