కాగితాల కుక్క, కప్పుల కుక్క: అపోహలు, వాస్తవాలు

"కాగితాలు ఉన్నాయి కదా డాక్టరు గారూ, మరి ఇలా ఎందుకైంది?"

అనంతపురంలో కుక్కల వైద్యం చేస్తున్న నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఎనిమిది నెలల షెపర్డో ల్యాబ్రడారో వస్తుంది. పరుగెత్తమంటే వెనక కాళ్లు రెండూ ఒకేసారి ఎత్తి వేస్తుంది, మెట్టు ఎక్కమంటే అక్కడే కూర్చుంటుంది. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక తల తుంటి గుంటలో సగమే ఉంటుంది. హిప్ డిస్‌ప్లేసియా, అంటే తుంటి కీలు సరిగా అమరని జబ్బు, అని చెప్పగానే యజమాని సంచిలోంచి కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెడతారు. తప్పు ఎక్స్‌రేలోనే ఉంది, కాగితంలో లేదు అన్నట్టు చూస్తారు.

అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం. మిగిలినవి తర్వాత.

అపోహ: కేసీఐ కాగితాలు ఉంటే కుక్క ఆరోగ్యానికి ఢోకా లేదు.

చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చేది వంశావళి పత్రం. తండ్రి ఎవరు, తల్లి ఎవరు, తాతముత్తాతలు ఎవరు, ఏ బ్రీడర్ దగ్గర పుట్టింది, మైక్రోచిప్ నంబరు ఎంత అన్నది అందులో ఉంటుంది. తుంటి కీళ్లు, కళ్లు, గుండె ఎలా ఉన్నాయో ఉండదు. మామూలుగా ఒక ఈతను నమోదు చేయించడానికి తల్లిదండ్రుల ఎక్స్‌రేలు చూపించనవసరం లేదు. ఆధార్ కార్డు చూసి మనిషికి షుగర్ ఉందో లేదో ఎవరూ చెప్పరు కదా, ఇదీ అంతే. కాగితం అబద్ధం చెప్పడం లేదు. అది చెప్పని మాటను మనం దాని నోట పెడుతున్నాం.

కీళ్ల ఫలితం కూడా రాసి ఉండే కాగితాలు లేకపోలేదు. జర్మనీలో షెపర్డ్‌ల క్లబ్బు ఎస్.వి. దగ్గర తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలకు గ్రేడు పడితేనే వాటి సంతానం నమోదుకు నోచుకుంటుంది. ఆ గ్రేడు పెడిగ్రీలోనే, అంటే వంశావళి పత్రంలోనే, కనిపిస్తుంది. మన దగ్గర "జర్మన్ లైన్ సార్" అని అమ్మే పిల్లల్లో చాలావాటికి ఆ గ్రేడు ముత్తాత దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆ తర్వాతి రెండు తరాలకు ఎవరూ ఎక్స్‌రే తీయించి ఉండరు. ముత్తాత తుంటిని నమ్ముకుని ఇప్పటి పిల్లను కొనడం ఏం తెలివి?

ధర్మవరం నుంచి ఒక పట్టుచీరల వ్యాపారి వచ్చారు. కొడుకు పదో తరగతి బాగా రాశాడని బెంగళూరు నుంచి షెపర్డ్ పిల్లను తెచ్చి ఇచ్చారు. సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించారు. కుక్కకు ఏడో నెలలో కుంటు మొదలైంది. బ్రీడరుకు ఫోను చేస్తే "పేపర్లు ఇచ్చాను కదా, ఇంకేం కావాలి? మీ ఇంట్లో నున్నటి బండలు, అందుకే జారి దెబ్బ తగిలింది" అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన భార్య రోజూ గోనె సంచులు పరుస్తున్నారు. తన ఇంటి నేల వల్లే ఆ పసిప్రాణికి ఈ గతి పట్టిందని కన్నీళ్లు పెట్టుకున్నారు. నాకు బ్రీడరు మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

అమ్మా, మీ బేతంచెర్ల బండలు ఈ రోగాన్ని పుట్టించలేదు. తుంటి గుంట లోతు తక్కువగా, కీలు వదులుగా ఏర్పడే గుణం పుట్టుకతోనే వస్తుంది. దాన్ని పెంచే పరిస్థితులు ఆ తర్వాత తోడవుతాయి. నార్వేలో చేసిన ఒక పరిశీలనలో మూడు నెలల లోపు మెట్లెక్కిన పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా, మెత్తటి నేల మీద ఆరుబయట తిరిగిన పిల్లల్లో తక్కువగా కనిపించింది. కాబట్టి పిల్లను జారే నేల మీద పరుగెత్తించకండి, గోనె పట్టాలు పరచండి, మంచిదే. కానీ తల్లిదండ్రుల కీళ్లు ఎన్నడూ చూడని మనిషి నేరం మీ గచ్చు మీదికి నెడితే ఒప్పుకోకండి.

అపోహ: షోలో గెలిచిన ఛాంపియన్ పిల్లలకు ఏ జబ్బూ రాదు.

న్యాయనిర్ణేత రింగులో కుక్క తీరు చూస్తాడు: తల, పళ్ల కలయిక, వీపు గీత, కాళ్ల కోణాలు, నడక. ఆయన చేతిలో ఎక్స్‌రే యంత్రం ఉండదు. కండ బలంగా ఉన్న మూడేళ్ల కుక్క, తుంటి పాడైనా, రింగు చుట్టూ అందంగానే పరుగెత్తగలదు. 2012లో ఇంగ్లండులోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో 15 జాతుల్లో 'బెస్ట్ ఆఫ్ బ్రీడ్'గా నిలిచిన కుక్కలను మళ్లీ పశువైద్యుల చేత పరీక్ష చేయించారు. ఆరు కుక్కలు తప్పాయి. అందులో బుల్‌డాగ్, పెకినీస్ కూడా ఉన్నాయి. రింగులో మొదటి స్థానం దక్కింది, రింగు బయట వైద్యుడి ముందు నిలవలేదు. అక్కడి బ్రీడర్లలో సగం మంది ఇది అవమానమన్నారు, సగం మంది ఎప్పుడో జరగాల్సిందన్నారు.

మన దగ్గరా ఆ రెండు వర్గాలు ఉన్నాయి. నాకు తెలిసిన ఇద్దరి గురించి చెబుతాను, ఊళ్లు మాత్రం అడగకండి. ఒకాయన విశ్రాంత హెడ్‌మాస్టరు, ల్యాబ్రడార్లు పెంచుతారు. రెండేళ్లు నిండితే గానీ జత కలపరు, ప్రతి కుక్కకూ తుంటి, మోచేతి ఎక్స్‌రేలు తీయిస్తారు, షో గడప తొక్కరు. రెండో ఆయన ఇంట్లో గోడ నిండా కప్పులు. బెంగళూరు, హైదరాబాదు, చెన్నై ఎక్కడ షో ఉన్నా బండి కడతారు. "మాస్టారు కుక్కల్ని పెంచుతున్నాడా, ఎక్స్‌రేలు పెంచుతున్నాడా?" అని ఈయన. "కప్పులో నీళ్లు పోసి తాగమనండి" అని ఆయన. ఇద్దరూ ఒకేసారి నా క్లినిక్‌కు వస్తే టీ చల్లారిపోతుంది గానీ వాదన చల్లారదు.

నేను మాస్టారి పక్షమే అనుకుంటారు. పూర్తిగా కాదు. షోకు వెళ్లని బ్రీడరుకు తన కుక్కలన్నీ ముద్దుగానే కనిపిస్తాయి. ఎత్తు పెరిగిపోయినా, దవడ కలవకపోయినా, జనం మధ్య బెదిరి మొరిగినా చెప్పేవాళ్లు ఉండరు. పదిమంది ముందు, కొత్త చేతుల కింద కుక్క ఎలా నిలబడుతుందో చూడడం కూడా పరీక్షే. కప్పులాయనతో నా తగవు షోల గురించి కాదు. పేరున్న ఒక్క మగకుక్కను జిల్లాలో ఉన్న ఆడకుక్కలన్నింటికీ కట్టించడం, రూపం నిలబడాలని తండ్రికి కూతుర్ని కలపడం, ఈ రెండింటితోనే నా గొడవ. ఆ ఒక్క మగకుక్క రక్తంలో దాగిన లోపం నాలుగైదేళ్లలో మన ప్రాంతం మొత్తానికీ పాకుతుంది. అప్పుడు పరీక్ష చేసి తప్పించడానికి వేరే రక్తం దొరకదు.

ఇంతకంటే ఇబ్బందికరమైనది మరొకటి ఉంది. కప్పులాయన లాంటి వాళ్లు ఎక్స్‌రే తీయించరనుకోకండి. తీయిస్తారు. బాగుంటే అందరికీ చూపిస్తారు, బాగాలేకపోతే బీరువాలో పెడతారు. మళ్లీ ఎదకు రాగానే అదే ఆడకుక్కను కట్టిస్తారు. ఆ ఎక్స్‌రే తీసింది నేనే అయినా, రేపు మీరు వచ్చి "ఆ కుక్క పిల్లను తీసుకోమంటారా?" అంటే నేను ఆ రిపోర్టు బయటపెట్టలేను. ఒకరి కుక్క వివరాలు మరొకరికి చెప్పడం వైద్యుడి పని కాదు. నేను అనగలిగింది ఒక్కటే: "తల్లి ఎక్స్‌రే అడిగి చూడండి." ఆ మాట నేను కాస్త నొక్కి అంటే, దయచేసి అర్థం చేసుకోండి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా అందరికీ తెలిసేలా పెట్టాలా, యజమాని ఇష్టానికి వదలాలా అన్నది బ్రీడర్ల మధ్య ప్రపంచమంతటా నలుగుతున్న వాదనే. నా మట్టుకు, పిల్లల్ని డబ్బుకు అమ్మేవాడికి దాచుకునే హక్కు లేదు.

"మంచి గ్రేడు ఉన్న తల్లిదండ్రులకు కూడా చెడ్డ తుంటితో పిల్లలు పుడుతున్నాయి కదా, మరి పరీక్ష ఎందుకు?" అని కప్పులాయన అడుగుతారు. నిజమే, పుడతాయి. ఈ జబ్బుకు ఒక్క జన్యువు కారణం కాదు, చాలా జన్యువులు, వాటికి తోడు తిండి, బరువు, పెంపకం. పరీక్ష హామీ ఇవ్వదు, ప్రమాదం తగ్గిస్తుంది. తరం తర్వాత తరం మంచి కీళ్లున్న వాటినే కలుపుతూ పోతే తగ్గుతుంది. ఒక్క ఈతతో ఫలితం చూపమంటే ఎవరి తరం?

అపోహ: "డీఎన్ఏ క్లియర్" అంటే అన్నీ క్లియర్.

ఇది ఈమధ్య మొదలైన జాడ్యం. డీఎన్ఏ పరీక్ష మంచిదే. ల్యాబ్రడార్లలో చూపు పోగొట్టే పీఆర్ఏ, పరుగు తర్వాత కుప్పకూలే ఈఐసీ లాంటి ఒకే జన్యువు జబ్బుల్ని పట్టిస్తుంది. కానీ తుంటి సంగతి దానికి తెలియదు. దానికి ఎక్స్‌రే ఒక్కటే దారి. డాబర్‌మ్యాన్ గుండె జబ్బుకూ అంతే, గుండె స్కానింగ్ (ఎకో), 24 గంటల పాటు గుండె లయను రికార్డు చేసే హోల్టర్ తీయాలి, అదీ ఏటేటా. ఈ సంవత్సరం బాగున్న గుండె వచ్చే సంవత్సరం బాగుంటుందని రాసివ్వలేం.

దీనికి తోకలా ఇంకో భయం: "క్యారియర్ అని వచ్చింది సార్, మా కుక్కకు జబ్బుందా?" లేదు. క్యారియర్ అంటే చెడ్డ జన్యువును ఒక్క ప్రతిగా మోసే కుక్క. పీఆర్ఏ లాంటి జబ్బుల్లో క్యారియర్‌కు జబ్బు రాదు. ఆ జన్యువు అసలు లేని క్లియర్ కుక్కతో కలిపితే పిల్లల్లో సుమారు సగం క్లియర్, సగం క్యారియర్ పుడతాయి, జబ్బుతో ఒక్కటీ పుట్టదు. మాస్టారు క్యారియర్లన్నింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేస్తానంటారు. ఇక్కడ మాస్టారితో నేను ఏకీభవించను. క్యారియర్లన్నింటినీ పక్కన పెడితే మిగిలే నాలుగు కుక్కల మధ్యే జతలు కలపాల్సి వస్తుంది, ఇంకో కొత్త లోపం బయటపడుతుంది. డాల్మేషియన్ల కథ వినండి. ఆ జాతిలో దాదాపు ప్రతి కుక్కకూ మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువ, దాంతో కొన్నింటికి రాళ్లు పడతాయి. జాతి లోపల ఎంత వెతికినా మంచి జన్యువు దొరకదు. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త పాయింటర్ అనే వేరే జాతి కుక్కతో ఒక్కసారి కలిపి, ఆ తర్వాత తరతరాలుగా డాల్మేషియన్లతోనే కలుపుతూ ఆ లోపం లేని కుక్కల్ని సాధించాడు. రక్తం మైల పడిందని బ్రీడర్లు దశాబ్దాల పాటు కాదన్నారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిని ఒప్పుకున్నది 2011లో. ఈలోగా ఎన్ని కుక్కలు రాళ్లతో బాధపడ్డాయో!

అపోహ: కాల్షియం సిరప్ పోస్తే కీళ్లు గట్టిపడతాయి.

పెద్ద జాతి పిల్లలకు అదనపు కాల్షియం మేలు చేయదు, కీడు చేస్తుంది. ఆ వయసులో పేగులు అవసరానికి మించిన కాల్షియాన్ని ఆపలేవు, ఎముకల పెరుగుదల దెబ్బతింటుంది. సమతుల్యమైన పప్పీ ఫుడ్ పెడుతూ, పైన రాగి సంగటి, దాని పైన పాలు, దాని పైన సిరప్. ఇదేం లెక్క? బొద్దుగా ఉంటే బలమనుకోవడం మరో పొరపాటు. 48 ల్యాబ్రడార్ల మీద జీవితాంతం సాగిన ఒక అధ్యయనంలో, తోడబుట్టిన వాటికంటే 25 శాతం తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటి కీళ్ల వాతమూ ఆలస్యంగా వచ్చింది. పక్కటెముకలు చేతికి తగలాలి. ఇంటికొచ్చిన చుట్టాలు "బక్కగా ఉందే" అంటే అననివ్వండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. "డబుల్ బోన్" అనే ల్యాబ్రడార్ లేదు, అన్నిటికీ ఉండేవి అవే ఎముకలు, అది ధర పెంచడానికి పుట్టిన మాట. "షో క్వాలిటీ", "పెట్ క్వాలిటీ" అని నలభై రోజుల పిల్లకు ముద్ర వేసేవాళ్లను నమ్మకండి. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మడం 2017 కేంద్ర నియమాల ప్రకారం తప్పు. ఆడకుక్కను 18 నెలల లోపు కట్టించడమూ తప్పే. నాటు కుక్కలకు, మన రాజపాళయాలకు ఏ లోపమూ ఉండదన్నది కూడా నిజం కాదు, తెల్లటి రాజపాళయాల్లో పుట్టు చెవుడు ఉంది. పగ్ గురక ముద్దు కాదు, ఊపిరాడని శబ్దం. మన మే నెల ఎండలో అది ప్రాణం మీదికి తెస్తుంది. తోక కత్తిరించమని, చెవులు కోయమని నా దగ్గరికి రాకండి, చేయను.

ఇక పిల్లను కొనబోయేవాళ్లు బ్రీడరును అడగాల్సింది. తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రే చూపమనండి. ఫిల్ము మీద మైక్రోచిప్ నంబరు, తేదీ ఉండాలి. చిప్ నంబరు లేని ఎక్స్‌రే ఏ కుక్కదైనా కావచ్చు. అప్పటికి కుక్క వయసు కనీసం ఏడాది ఉండాలి. అమెరికాలో కుక్కల కీళ్లకు గ్రేడు ఇచ్చే సంస్థ ఓఎఫ్ఏ అయితే 24 నెలలు నిండితే గానీ తుది గ్రేడు ఇవ్వదు. అంతర్జాతీయ కెన్నెల్ క్లబ్బుల సమాఖ్య ఎఫ్‌సీఐ పద్ధతిలో ఏ నుంచి ఈ వరకు గ్రేడులు ఉంటాయి, ఏ మంచిది. కాళ్లు రెండూ తిన్నగా సమానంగా చాచి, మోకాలి చిప్పలు మధ్యకు వచ్చేలా తీసిన ఎక్స్‌రేకే విలువ. వంకరగా తీసింది మంచి తుంటిని చెడ్డగా, చెడ్డదాన్ని మంచిగా చూపిస్తుంది. ఇవి అడిగితే "మీకు నమ్మకం లేదా?" అని బ్రీడరు ముఖం మాడ్చుకుంటే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పటికే కుంటే కుక్క ఇంట్లో ఉన్నవాళ్లు దిగులు పడకండి, దాన్ని తిరిగి ఇచ్చేయమని నేను చెప్పను. బరువు తగ్గించి, నొప్పికి మందిచ్చి, కండ పెరిగేలా నెమ్మదిగా నడిపిస్తే చాలా కుక్కలు ఆపరేషన్ లేకుండానే హాయిగా బతుకుతాయి. ధర్మవరం కుక్క ఇప్పుడు అలాగే ఉంది. జత మాత్రం కట్టించకండి. ఎక్స్‌రేకు తెచ్చే రోజు ముందు రాత్రి నుంచి తిండి పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి ఉంటుంది. మత్తు వద్దు, పట్టుకుంటాం అంటారు కొందరు. పట్టుకుంటే ఆ కాళ్లు తిన్నగా రావు.