పరుపు కొనేముందు: గట్టిదనం, డెన్సిటీ, గ్యారంటీ మీద అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పరుపులు కుట్టి అమ్మే పని మాది. అంగడికి వచ్చినవాళ్ళలో చాలామంది ముందుగా అరచేత్తో పరుపును గట్టిగా నొక్కి చూస్తారు. చెయ్యి దిగకపోతే చాలు, ‘ఇది మన్నుతుంది’ అని తేల్చేస్తారు. కూతురికి సారె పెట్టేవాళ్ళు, కొత్తింట్లో దిగేవాళ్ళు, నడుము నొప్పితో ఇక్కడి ఎముకల ఆసుపత్రి బర్డ్‌కు తిరిగేవాళ్ళు... అందరిదీ ఇదే పరీక్ష. అలా ఎక్కడో కొన్న పరుపు రెండేళ్ళకే మధ్యలో గుంటపడి, బాగుచేయమని నా దగ్గరికి వస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. చాలా ఇళ్ళలో ఆ డబ్బు నెలల తరబడి కూడబెట్టింది.

అపోహ: నడుము నొప్పికి పలకలాంటి పరుపే మందు.

స్పెయిన్‌లో దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 313 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు గట్టి పరుపులు, ఇంకో జట్టుకు మధ్యరకం గట్టి పరుపులు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం వాడినవాళ్ళకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన పరిశోధన ఇది.

కారణం తేలికే. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజం, తుంటి కొంచెం లోపలికి దిగాలి. దిగకపోతే బరువంతా ఆ రెండు చోట్లే పడి, నడుముకు ఆనిక ఉండదు. మరీ మెత్తనైతే తుంటి మునిగిపోయి వెన్ను వంగుతుంది. అందుకే అంగట్లో చెప్పులు విడిచి, పరుపు మీద పది నిమిషాలు పడుకోండి. మొహమాటపడొద్దు. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి దూర్చండి. చెయ్యి వదులుగా ఆడితే మీకు అది మరీ గట్టి. దూరడమే కష్టమైతే మరీ మెత్తన. యాభై కిలోల మనిషికీ తొంభై కిలోల మనిషికీ ఒకే పరుపు ఒకేలా ఉండదు కాబట్టి ఇద్దరూ వచ్చి ఇద్దరూ పడుకుని చూడాలి.

ఇక ‘ఆర్థో’ అనే ముద్ర. ఆ మాట ఏ కంపెనీ అయినా అచ్చువేసుకోవచ్చు. దాన్ని చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి గానీ పరుపులు మారుస్తూ పోకూడదు.

అపోహ: డెన్సిటీ అంకె ఎంత పెద్దదైతే పరుపు అంత మంచిది.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పే లెక్క. గట్టిదనానికీ దానికీ సంబంధం లేదు. తక్కువ డెన్సిటీ ఫోమును కూడా గట్టిగా తయారు చేయొచ్చు. చెయ్యి నొక్కి చూసేవాళ్ళకు అంటగట్టేది అదే. మామూలు ఫోములో డెన్సిటీ తగ్గేకొద్దీ గుంట త్వరగా పడుతుంది. రోజూ పడుకునే పరుపుకు 32కు తగ్గొద్దని నేను చెబుతాను. 40 అయితే ఇంకా మేలు.

కొందరు ‘మాది 100 డెన్సిటీ’ అంటారు. అది రీబాండెడ్ ఫోము. ఫోము కత్తిరించగా మిగిలిన తుక్కును జిగురుతో కలిపి, ఒత్తి చేసిన దిమ్మ. కోసి చూస్తే రంగురంగుల ముక్కలు కనిపిస్తాయి. అడుగు పొరగా వేస్తే మంచి సరుకే, నేనూ వేస్తాను. కానీ దాని 100నూ మామూలు ఫోము 40నీ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. ‘లాడ్జిలో పడుకున్నాం, బాగా గట్టిగా ఉంది, అలాంటిదే ఇవ్వండి’ అని అడిగేవాళ్ళు చాలామంది. చాలా లాడ్జీల్లో ఉండేది రీబాండెడ్ దిమ్మ మీద పల్చని మెత్తటి పొర. ఎందరు మారినా తట్టుకోవాలని వాళ్ళు అలా వేయించుకుంటారు. ఏళ్ళ తరబడి ఒకే మనిషి పడుకునే ఇంటికి అది సరిపోదు.

చెప్పిన డెన్సిటీ నిజమో కాదో తూకంతో తేల్చుకోవచ్చు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న ఒకే ముక్క ఫోము 32 డెన్సిటీ అయితే దాదాపు ఐదున్నర కిలోలు తూగాలి, 40 అయితే ఏడు కిలోలకు కొంచెం తక్కువ. 32 అని చెప్పింది నాలుగు కిలోలే తూగితే అది 24 కూడా కాదు. రెండు మూడు పొరలున్న పరుపుకు ఈ లెక్క నేరుగా పనికిరాదు, ఒక్కో పొర డెన్సిటీ బిల్లు మీద రాయించుకోండి. బరువు పెంచడానికి ఫోములో సున్నపురాయి పొడి కలిపేవాళ్ళు కూడా ఉన్నారు. జిప్పు తీయించి అంచును వేళ్ళతో నలపండి. పొడి రాలినా, లాగితే తేలిగ్గా చిరిగినా ఆ సరుకు వద్దు. జిప్పు తీసి చూపించని అంగట్లో నేనైతే కొనను.

అపోహ: మందం ఎక్కువుంటే ఎక్కువకాలం వస్తుంది.

లోపల ఏముందో ముఖ్యం. నాసిరకం ఫోముతో చేసిన ఎనిమిదంగుళాల పరుపు కంటే మంచి ఐదంగుళాల పరుపు మేలు.

అపోహ: ఏ పరుపైనా మిద్దె మీద ఎండేస్తే బాగుపడుతుంది.

దూది పరుపుకు నిజమే. ఫోముకూ రబ్బరు లేటెక్సుకూ మన ఎండ శత్రువు. పచ్చబడి, పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోతాయి. వాటిని నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టండి చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలప్పుడు ఇంకో చిక్కు ఉంది. అడుగున సామాన్లు పెట్టుకునే పెట్టె మంచాల్లో ప్లైవుడ్ మీద గాలి ఆడక పరుపు అడుగు బూజు పడుతుంది. వడ్రంగితో ఆ ప్లైవుడ్‌కు అక్కడక్కడా రంధ్రాలు వేయించండి. 2021 నవంబరు వరదప్పుడు తడిసిన పరుపులు ఆరబెట్టి వాడొచ్చా అని చాలామంది అడిగారు. మురుగునీళ్ళు పీల్చిన పరుపు ఏ రకమైనా పారేయాల్సిందే. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు.

కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచి పైన దుప్పటి పరచడం కూడా మంచిది కాదు. చెమట పోయే దారి ఉండదు. చంటిపిల్లలున్న ఇంట్లో నీళ్ళు దిగని తొడుగు వేరుగా దొరుకుతుంది, అది వేయండి.

అపోహ: దూది పరుపు పాతకాలపుది, మెమరీ ఫోము అన్నిటికంటే గొప్పది.

మెమరీ ఫోము వేడికి మెత్తబడే సరుకు. ఏసీ గదిలో హాయిగా ఉన్న పరుపే మే నెలలో కరెంటు పోయిన రాత్రి మునిగిపోతున్నట్టు, ఉక్కగా అనిపిస్తుంది. ఏసీ లేని ఇంటికి నేను దాన్ని అమ్మను. దూది పరుపు అణిగిపోయినా విప్పి, దూది ఏకించి, మళ్ళీ కుట్టించుకోవచ్చు. ఇంకే పరుపుకూ ఆ వీలు లేదు. బరువు ఎక్కువ, ఏటా పని పెడుతుంది, అది ఒప్పుకోవాలి. కొబ్బరి పీచు పరుపు చల్లగా ఉంటుంది. కానీ ఊడ్చేటప్పుడు మంచం కింద గోధుమరంగు పొడి కనిపించడం మొదలైతే పీచును పట్టి ఉంచిన రబ్బరు ఎండిపోయిందని అర్థం. ఇక దాన్ని బాగుచేయలేం.

అపోహ: పదేళ్ళ గ్యారంటీ ఉంది, ఇక భయం లేదు.

కార్డు వెనక సన్న అక్షరాలు చదవండి. గుంట ఇంత లోతు పడితేనే అని ఉంటుంది, చాలా కార్డుల్లో అంగుళమో అంతకు మించో. మరక పడితే చెల్లదనీ, మంచం సరిగా లేకపోతే చెల్లదనీ ఉంటుంది. నవారు మంచం మీద ఫోము పరుపు వేసి గుంటపడిందంటే ఏ కంపెనీ ఒప్పుకోదు. మూడు నెలలకోసారి తలవైపును కాళ్ళవైపుకు తిప్పుతూ ఉంటే గుంట ఆలస్యంగా పడుతుంది.

ఇంకొక్క మాట. మన దగ్గర వడ్రంగులు చేసే మంచాలు ఒక్కోటి ఒక్కో కొలత ఉంటాయి. టేపుతో మంచం లోపలి పొడవు, వెడల్పు తల దగ్గర, మధ్యలో, కాళ్ళ దగ్గర కొలిచి, వాటిలో తక్కువది రాసుకుని రండి. పరుపు అర అంగుళం తగ్గినా ఫరవాలేదు. పెరిగితే మాత్రం అంచులు పైకి లేచి, కుట్లు ముందుగా అక్కడే తెగుతాయి.