బండ మీది మగ తొండకు ఎంత ఎండ?

బండ కొసన తల ఊపుతూ కూర్చునే ఎర్రటి తొండ, కింద రాతి సందు పక్కన మట్టిరంగులో కదలకుండా ఉండే తొండ వేరువేరు జాతులా అని ఒక పాఠకుడు అడిగారు. రెండూ దక్షిణ భారతపు రాతి తొండలే. శాస్త్రీయంగా సామోఫిలస్ డోర్సాలిస్ అంటారు. జతకట్టే కాలంలో మగదానికే ఆ ఎరుపు, నలుపు; మట్టిరంగుది ఆడది. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ బండల మీద ఈ తొండల గురించి మంచి పరిశోధన జరిగింది.

మగది నలుగురికీ కనబడాలి, అందుకే ఎత్తుకు ఎక్కుతుంది. గుడ్లతో బరువెక్కిన ఆడది వేగంగా పరుగెత్తలేదు, సందు వదలదు. మరి ఎవరికి వేడి ఎక్కువ?

గాలి ఉష్ణోగ్రత చూసి చెప్పలేం. గాలి 38 డిగ్రీలున్న మధ్యాహ్నం బండ 50 దాటిపోతుంది. అందుకే రాగి తొండను వాడతారు. తొండ సైజు పలుచని రాగి గొట్టం తీసుకుని, లోపల ఉష్ణోగ్రత నమోదు చేసే బిళ్ల వేలాడదీసి, రెండు కొసలూ మూసేస్తారు. బిళ్ల గొట్టం గోడకు తగిలితే ఎండవైపు రాగి వేడినే చెబుతుంది. తొండ చర్మం ఎండను ఎంత తిప్పికొడుతుందో గొట్టానికి పూసే రంగూ అంతే తిప్పికొట్టాలి. నల్లని మగదానికీ మట్టిరంగు ఆడదానికీ ఒకే రంగు పూస్తే పోలిక అక్కడే చెడింది. తొండలు నిజంగా కనబడిన చోటే, అదే ఎత్తులో, అదే వైపు తిప్పి పెట్టాలి. నీడ జరుగుతూ ఉంటుంది కాబట్టి పది నిమిషాలకో కొలత కావాలి. ముందుగా నిజమైన తొండ పక్కన ఉంచి సరిచూడాలి. ఖాళీ గొట్టం త్వరగా వేడెక్కుతుంది, ఒళ్లు అంత త్వరగా వేడెక్కదు.

ఎవరు ఎంత వేడి ఓర్చుకుంటారన్నది వేరే కొలత. తొండ మలద్వారంలో సన్నని ఉష్ణోగ్రత తీగ పెట్టి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడి చేస్తూ వెల్లకిలా తిప్పుతారు. బోర్లా తిరగలేకపోయిన క్షణపు ఒంటి వేడే హద్దు; వెంటనే చల్లబరచాలి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. వేడి త్వరగా పెంచితే చర్మం కాలుతుంది గానీ లోపలికి వేడి ఆలస్యంగా చేరుతుంది. మగది పెద్దది, దానిలో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ. అప్పుడు పట్టికలో కనబడే తేడా ఒంటి పరిమాణానిది, ఆడమగ తేడా కాదు.