మోటార్‌హోమ్ వెనకాల ఏ బండి? రెండో బండి మీద అపోహలు - వాస్తవాలు

మోటార్‌హోమ్‌లకు (పడక, వంటగది ఉండే ప్రయాణపు బండ్లకు) టో బార్లు (వెనకాల కారును లాగే కడ్డీలు), హిచ్‌లు (ఆ కడ్డీ తగిలించే ఇనుప అమరికలు), ర్యాక్‌లు బిగించడం నా పని. నా దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమంది క్యాంప్ చుట్టుపక్కల తిరగడానికి కారో, స్కూటరో ముందే కొనేసి, "దీన్ని వెనకాల తగిలించండి" అంటారు. అప్పుడు "ఇది కుదరదండీ" అని చెప్పాల్సి వస్తే నాకూ బాధగానే ఉంటుంది, ఎందుకంటే డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది. రెండో బండి లెక్క మొదలవ్వాల్సింది ఆ బండి దగ్గర కాదు, మీ మోటార్‌హోమ్ దగ్గర. అది ఎంత లాగగలదు, ఎంత మోయగలదు అన్నది తేలాకే షోరూమ్‌కి వెళ్లాలి. నేను రోజూ వినే అపోహలు ఇవి.

అపోహ: న్యూట్రల్‌లో పెడితే ఏ కారైనా వెనకాల వచ్చేస్తుంది

రావడం వస్తుంది. లోపల ఏం జరుగుతోందన్నదే సమస్య. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది. ఇంజిన్ ఆపి నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగితే, చక్రాలతో పాటు గేర్‌బాక్స్‌లో కొన్ని భాగాలూ తిరుగుతాయి, పంపు మాత్రం తిరగదు. ఆయిల్ అడుగునే ఉండిపోతుంది, పైన లోహం మీద లోహం రాసుకుంటుంది. న్యూట్రల్ అంటే ఇంజిన్‌కి, చక్రాలకి మధ్య లింకు తెగడమే. గేర్‌బాక్స్ మొత్తం కదలకుండా ఉండటం కాదు.

ఇలా రెండు రోజులు లాక్కొచ్చిన ఒక కారు గేర్‌బాక్స్ నేనే విప్పాను. డ్రెయిన్ బోల్టు తీయగానే మాడు వాసన గుప్పుమంది. ఎర్రగా, పల్చగా కారాల్సిన ఆయిల్ తారులా నల్లగా వచ్చింది. బోల్టు చివరి అయస్కాంతం నిండా బూడిద రంగు ఇనుప పొడి. ఓనర్ పక్కనే నిలబడి చూస్తున్నారు. కారు అమ్మిన చోట ఆయనతో "న్యూట్రల్‌లో పెడితే చాలు సార్" అన్నారట.

మాన్యువల్ గేర్ కార్లలో చాలావాటిని ఇలా లాగొచ్చు, కానీ అన్నిటినీ కాదు. జీప్ రాంగ్లర్ లాంటి వాటిలో ట్రాన్స్‌ఫర్ కేస్‌ను (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే భాగాన్ని) న్యూట్రల్‌లో పెట్టే వీలుంది కాబట్టి గేర్‌బాక్స్‌కి కదలిక చేరదు. అందుకే మోటార్‌హోమ్‌ల వెనకాల అవి అంత తరచుగా కనిపిస్తాయి. కారు పేరు చూసి నమ్మడం కూడా ప్రమాదమే. అమెరికాలో అమ్మిన హోండా సీఆర్-వీని 2014 మోడల్ వరకు నాలుగు చక్రాల మీద లాగేవాళ్లు. 2015లో సీవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ వచ్చాక అదే పేరున్న కారును అలా లాగకూడదు. టెస్లా లాంటి ఎలక్ట్రిక్ కార్లలో చక్రం తిరిగితే మోటార్ కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది. వాటిని ట్రైలర్ మీద ఎక్కించాల్సిందే.

కాబట్టి కొనేముందు ఆ ఏడాది, ఆ గేర్‌బాక్స్‌కి చెందిన ఓనర్స్ మాన్యువల్ చదవండి. 'రిక్రియేషనల్ టోయింగ్' (ప్రయాణంలో వెనకాల కట్టి లాగడం) అనే భాగం చూడాలి. 'ఎమర్జెన్సీ టోయింగ్' వేరు. చెడిపోయిన బండిని కొంచెం దూరం, నెమ్మదిగా లాగొచ్చని అక్కడ రాసి ఉంటే, దాన్ని ప్రయాణానికి అనుమతి అనుకోవద్దు.

అపోహ: హిచ్ మీద రాసినంత బరువు లాగొచ్చు

హిచ్ మీద ఉన్న అంకె ఆ ఇనుము ఎంత తట్టుకుంటుందో చెబుతుంది, మీ బండి ఎంత లాగగలదో కాదు. మోటార్‌హోమ్‌కి, వెనకాల కట్టినదానికి కలిపి ఒక గరిష్ఠ బరువు ఉంటుంది. అది 8,500 కిలోలు, నిండుగా లోడ్ చేసిన మోటార్‌హోమ్ 6,700 కిలోలు అనుకోండి. మిగిలింది 1,800. హిచ్ మీద 2,270 అని ఉన్నా మీ హద్దు 1,800 కిలోలే. హిచ్, టో బార్, బాల్ (హిచ్ మీద బిగించే ఇనుప గుండు), బండి... వీటన్నిటిలో ఏ అంకె తక్కువైతే దాన్నే పట్టుకోవాలి.

ఆ 6,700 ఎక్కడిది? కాటా మీద తూచినది. బ్రోచర్‌లో రాసే ఖాళీ బరువుతో పని జరగదు. నీళ్ల ట్యాంకు 200 లీటర్లయితే అదే 200 కిలోలు. డీజిల్, గ్యాస్, సామాన్లు, మనుషులు అందరూ ఎక్కాక, ప్రయాణానికి ఎలా బయల్దేరతారో అలాగే తీసుకెళ్లి తూయించండి. కుదిరితే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా. ఆ స్లిప్ చేతిలో ఉంటే కింద చెప్పేదంతా తేలికవుతుంది.

అపోహ: చిన్న స్కూటరే కదా, వెనక ర్యాక్ మీద పెడితే ఏమవుతుంది

ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. స్కూటర్ 120 కిలోలు, ర్యాక్ 30, మొత్తం 150. వెనక యాక్సిల్ మీద 150 కిలోలు పెరుగుతుందని అనుకుంటారు. కానీ ర్యాక్ ఉండేది యాక్సిల్ మీద కాదు, దానికి బాగా వెనక. తూగుడుబల్లలా పనిచేస్తుంది.

నేను కస్టమర్ ముందే టేపు పెట్టి కొలుస్తాను. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి 4 మీటర్లు. వెనక చక్రం నడిమి నుంచి స్కూటర్ నిలబడే చోటికి 3 మీటర్లు. 150ని 3తో గుణించి 4తో భాగిస్తే సుమారు 112. అంటే ముందు యాక్సిల్ మీద 112 కిలోలు తగ్గిపోతుంది, వెనక యాక్సిల్ మీద 262 పెరుగుతుంది. స్లిప్ తీసి చూస్తే చాలాసార్లు వెనక యాక్సిల్‌కి అంత ఖాళీ ఉండదు. ముందు తేలికైతే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే మోటార్‌హోమ్ అయితే తడి గడ్డి మీద చక్రం అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది.

లెక్క కుదిరితే స్కూటర్ చాలా మంచి ఎంపిక. నాలుగు వైపులా రాట్చెట్ బెల్టులతో కట్టండి, ముందు షాక్ అబ్జార్బర్లు సగం వరకే నొక్కుకునేలా బిగించండి. బయల్దేరిన 15-20 కిలోమీటర్లకు ఒకసారి ఆగి చూడండి, బెల్టులు తప్పకుండా కొంచెం వదులవుతాయి. వెనక లైట్లు, నంబర్ ప్లేటు కనిపిస్తున్నాయో లేదో కూడా చూసుకోండి.

అపోహ: మోటార్‌హోమ్ బ్రేకులు పెద్దవి, వెనక కారుకి వేరే బ్రేకు అక్కర్లేదు

ఆ బ్రేకులు మోటార్‌హోమ్ బరువుకి తగ్గట్టు చేసినవి. 7,000 కిలోల బండి వెనకాల 1,300 కిలోల కారు కడితే, అవే బ్రేకులు ఆపాల్సిన బరువు దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. చదును రోడ్డు మీద తెలియకపోవచ్చు. పొడవాటి ఘాట్ దిగుతున్నప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు సడలితే తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది తక్కువ. కారులోనే బ్రేకు తొక్కే పరికరాలు దొరుకుతాయి, పెట్టించండి. దాంతో పాటు బ్రేక్‌అవే స్విచ్ కూడా ఉండాలి. కట్టు తెగి కారు విడిపోతే దాని బ్రేకులు అదే వేసేస్తుంది. చాలా చోట్ల చట్టం కూడా ఒక బరువు దాటితే బ్రేకు ఉండాలంటుంది. చట్టం అడగని చోట కూడా బ్రేకు లేకుండా నేను ఏ కారూ కట్టి పంపను.

అపోహ: అవసరమైతే రివర్స్ చేసుకోవచ్చు

నాలుగు చక్రాల మీద లాగే కారుతో వద్దు. వెనక్కి నెట్టగానే కారు ముందు చక్రాలు ఓ పక్కకి తిరిగిపోతాయి, టో బార్ వంగుతుంది. దారి మూసుకుపోతే దిగి, కారు విప్పి, విడిగా వెనక్కి తీసుకోవాలి. కారు ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి లాగే డాలీతోనూ ఇదే ఇబ్బంది. ట్రైలర్‌ని అలవాటైతే రివర్స్ చేయొచ్చు. అయితే ట్రైలర్ సొంత బరువు కూడా లాగే లెక్కలోకే వస్తుంది, పైగా క్యాంప్‌లో ఖాళీ ట్రైలర్‌కి చోటు వెతకాలి.

అపోహ: ఈ-బైక్‌లు ఉంటే టెన్షన్ లేదు

టెన్షన్ తక్కువే, లేకుండా పోదు. ఒక్కోటి దాదాపు 25 కిలోలు. మామూలు సైకిల్ ర్యాక్ దానికి చాలకపోవచ్చు. మోటార్‌హోమ్ తోక భాగం గతుకుల్లో కారు కన్నా గట్టిగా ఎగిరిపడుతుంది. కొన్ని ర్యాక్ కంపెనీలు మోటార్‌హోమ్ మీద వాడొద్దనే రాస్తాయి, కాబట్టి అది చదివాకే కొనండి. ప్రయాణంలో బ్యాటరీలు తీసి లోపల పెట్టండి, బరువూ తగ్గుతుంది.

ఛార్జింగ్ సంగతి ఎవరూ అడగరు. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిక్షేపంగా వాడుకోగలిగేది సగం, అంటే 600 వాట్-అవర్లు. 500 వాట్-అవర్ల ఈ-బైక్ బ్యాటరీని ఇన్వర్టర్ మీద నింపితే, మధ్యలో పోయేది కలిపి, ఆ 600 అక్కడే అయిపోతుంది. ఫ్రిజ్‌కి, లైట్లకి ఏమీ మిగలదు. బయట కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్‌లో, మీరు మెలకువగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయండి. మీరు పడుకుని, పక్కన లిథియం బ్యాటరీ ఛార్జవుతూ ఉండటం నాకు అస్సలు ఇష్టం లేదు.

అపోహ: మోటార్‌హోమ్ ఉంటే రెండో బండి ఉండాల్సిందే

ఒక దంపతులు కారు కొనాలని, టో బార్ ధర కనుక్కోవడానికి వచ్చారు. ఒక్కో చోట ఎన్ని రాత్రులు ఉంటారని అడిగాను. ఒకటి, మహా అయితే రెండు అన్నారు. బండి ఆరు మీటర్ల వ్యాన్. దాన్నే ఊళ్లో పార్క్ చేయొచ్చు. ఒక్క రాత్రి కోసం కారు విప్పడం, కట్టడం, కేబుళ్లు తగిలించడం, లైట్లు చెక్ చేయడం... మూడో రోజుకే విసుగొస్తుంది. నేను వాళ్లకు టో బార్ బిగించలేదు. డిక్కీలో పట్టే రెండు మడత సైకిళ్లు కొనుక్కున్నారు. వారాల తరబడి ఒకేచోట ఉండేవాళ్లకీ, చుట్టుపక్కల యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకీ కారే సరైనది. అలాంటి వాళ్లు కాటా స్లిప్, కారు మాన్యువల్ రెండూ పట్టుకుని వస్తే, మిగతా పని ఒక్క రోజులో అయిపోతుంది.